కిడ్నీని నిలబెట్టిన మందు చిగుళ్ళనెందుకు పెంచింది?



"హిస్టరీ చెప్తానని పళ్ళ గురించి మొదలెట్టాడేంటి వీడు" అని కామెంట్ టైప్ చేసేలోపు ఒక్క నిమిషం ఆగండి. ఇవాళ్టి కథలో నార్వే కొండల మట్టి ఉంది, ఒక గ్రీకు తల్లి పంపిన ఆలివ్ నూనె ఉంది, కవల అన్నదమ్ముల కిడ్నీ ఉంది. ఇవన్నీ తిరిగి తిరిగి మన ముందు పళ్ళ మధ్య ఉండే చిగురు దగ్గరికే వస్తాయి.

ఇంకోమాట ముందే చెప్పేస్తా. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నాళ్ళు కోడ్ రాసి, ఇటు వచ్చినవాణ్ణి. ఇది విని ఎవరూ మందు ఆపొద్దు, మార్చొద్దు. ఈ కథలో మాత్ర ఆపడమంటే పంటి సమస్య కాదు, ప్రాణం సమస్య.

సరే, మొదలెడదాం. మన పన్ను గోడకి మేకు కొట్టినట్టు దవడ ఎముకలో దిగబడి ఉంటుందనుకుంటాం. కాదు. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారపోగులుంటాయి. ఊయలని తాళ్ళు పట్టుకున్నట్టు అవే పన్నుని పట్టుకుంటాయి. పైన చిగురు కాలర్‌లా చుట్టుకుని ఉంటుంది. చిగురు, నారపోగులు, ఎముక, వేరు మీది గట్టి పొర... ఈ మొత్తాన్ని డాక్టర్లు పీరియడాన్షియం అంటారు. పెద్ద వయసులో పళ్ళు ఊడేది చాలాసార్లు పన్ను పుచ్చిపోయి కాదు, చుట్టూ ఉన్న ఈ సెటప్ కూలిపోయి.

కూల్చేది ఎవరు? పాచి అని మనందరికీ తెలుసు. కానీ అది సైన్స్‌లో గట్టిగా తేలింది 1965లోనే అంటే నమ్మగలరా? డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హారాల్డ్ లో అనే ప్రొఫెసర్ 12 మందిని తీసుకుని పళ్ళు తోమడం మానేయమన్నాడు. వాళ్ళలో ఎక్కువమంది డెంటల్ స్టూడెంట్సే. (మన హాస్టల్‌లో అయితే ఈ ప్రయోగానికి వాలంటీర్లు ఇంకా తేలిగ్గా దొరికేవాళ్ళు.) పది రోజుల నుంచి మూడు వారాల్లోపు అందరికీ చిగుళ్ళు ఎర్రబడి వాచాయి. మళ్ళీ తోమడం మొదలెట్టగానే వారం పదిరోజుల్లో మామూలైపోయాయి.

ఇక్కడే అసలు పాయింట్. పాచిలో ఉన్న బ్యాక్టీరియా గొడవ మొదలెడుతుంది నిజమే, కానీ ఎర్రబడటం, వాయడం, చివరికి ఎముక కరగడం... ఇందులో చాలా భాగం మన ఇమ్యూనిటీ చేసే పనే. దొంగని పట్టుకోవడానికొచ్చిన పోలీసులు ఇంటి తలుపులు, కిటికీలు విరగ్గొట్టినట్టు అన్నమాట. మరి ఆ పోలీసులకే సెలవిచ్చేస్తే చిగుళ్ళకి ఏమవుతుంది? ఆ ప్రయోగం మనుషుల మీద ఎవరు చేస్తారు చెప్పండి? కానీ వేరే కారణంతో అది ప్రపంచమంతా జరిగిపోయింది. కారణం అవయవ మార్పిడి.

1954 డిసెంబర్ 23, బోస్టన్. పీటర్ బెంట్ బ్రిగమ్ హాస్పిటల్‌లో జోసెఫ్ మర్రే టీమ్ రొనాల్డ్ హెర్రిక్ అనే అతని కిడ్నీ తీసి రిచర్డ్ హెర్రిక్‌కి పెట్టింది. వాళ్ళిద్దరూ అచ్చుగుద్దినట్టుండే కవలలు. అందుకే రిచర్డ్ ఒంట్లోని ఇమ్యూనిటీకి అది పరాయి కిడ్నీ అని తెలియలేదు. ఎనిమిదేళ్ళు బతికాడు. బాగుంది. కానీ కవల సోదరుడు లేని మిగతావాళ్ళ సంగతేంటి? వాళ్ళ ఒళ్ళు కొత్త కిడ్నీని శత్రువు అనుకుని చంపేసేది.

1960ల మొదట్లో దీనికి దొరికిన జవాబు అజాథయోప్రిన్. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ పనిచేసిన ల్యాబ్ నుంచి వచ్చింది. క్యాన్సర్ కణాలు పెరక్కుండా ఆపే మందుల కుటుంబానికి చెందినదే. దానికి ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ జత చేశారు. ఇరవై ఏళ్ళు ఈ జంటతోనే బండి నడిచింది. 1971లో మన వెల్లూరు సీఎంసీలో కిడ్నీ మార్పిడి విజయవంతంగా జరిగిన రోజులు కూడా ఆ కాలమే.

చిన్న పక్కదారి, వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. క్యాన్సర్ మందు ఇమ్యూనిటీని తగ్గించే మందుగా మారడం ఒక్క అజాథయోప్రిన్‌తోనే జరగలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో నడిపిన టీమ్ నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌దీ అదే దారి. ఇవాళ కీళ్ళవాతానికి వారానికొక్కసారి వేసుకునే మాత్ర అదే. దాని దెబ్బ కూడా నోటి మీద కనిపిస్తుంది, కానీ వేరే రకం: నోటిపూత, పుండ్లు. అందుకే దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ రాస్తారు. వారానికి ఒకటి అన్న మాత్ర రోజూ వేసుకుంటే చాలా ప్రమాదం, ఇది మాత్రం ఇంట్లోవాళ్ళకి చెప్పండి.

వెనక్కి వద్దాం. 1970ల్లో డెంటిస్టులు కొందరు ఈ కిడ్నీ పేషెంట్ల నోళ్ళు తెరిచి చూశారు. ఇమ్యూనిటీ తగ్గించారు కాబట్టి బ్యాక్టీరియా చెలరేగి చిగుళ్ళు ఘోరంగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. కనిపించింది తిరగబడి ఉంది. నోట్లో పాచి ఉన్నా, ఆ పాచికి తగినంత వాపు లేదు. అదే పాచి మామూలు మనిషికుంటే చిగుళ్ళు ఎర్రగా మండుతుండేవి. వీళ్ళకి ప్రశాంతంగా ఉన్నాయి. పోలీసులు సెలవులో ఉన్నారు మరి.

దీన్ని శుభవార్త అనుకోకండి. పొగ రాలేదంటే మంట లేదని కాదు, అలారం తీగ తెగి ఉండొచ్చు. స్టెరాయిడ్ వాడేవాళ్ళకి ఇన్‌ఫెక్షన్ ముదిరేదాకా పైకి తెలియకపోవచ్చు. పైగా స్టెరాయిడ్ ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో ఎముకలన్నీ పలచబడతాయి. దవడ ఎముక కూడా ఎముకే కదా. నాలుక మీద తెల్లగా పెరుగు అతికినట్టు వచ్చే ఫంగస్ సరేసరి.

ఇంకో పెద్ద సమస్య, అజాథయోప్రిన్ జంట అందరినీ ఒకేలా అణిచేది. కొత్త అవయవం మీద దాడిని ఆపుతూ, న్యుమోనియాతో పోరాడే కణాల్ని కూడా ఆపేసేది. 1967లో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటి గుండె మార్పిడి చేసినప్పుడు పేషెంట్ లూయీ వాష్‌కాన్‌స్కీ 18 రోజులకి పోయింది న్యుమోనియాతోనే. తర్వాత ఏడాది ప్రపంచమంతా ఎగబడి గుండెలు మార్చారు, చాలామంది పోయారు, దాంతో ఎక్కువ హాస్పిటళ్ళు ఆ పనే మానేశాయి.

ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వెళ్దాం. సాండోజ్ అనే మందుల కంపెనీ. వాళ్ళకో అలవాటు: ఉద్యోగులు సెలవులకి ఎక్కడికెళ్ళినా అక్కడి మట్టి ఒక పొట్లం కట్టి తేవాలి. మట్టిలోని సూక్ష్మజీవుల్లో కొత్త యాంటీబయాటిక్ దొరుకుతుందేమోనని. 1969లో హాన్స్ పీటర్ ఫ్రే అనే ఉద్యోగి నార్వేలోని హార్‌డాంగర్‌విడా పీఠభూమి నుంచి అలా ఒక పొట్లం తెచ్చాడు. అందులో ఒక ఫంగస్. దాని నుంచి తీసిన పదార్థం యాంటీబయాటిక్‌గా పెద్దగా పనికిరాలేదు. మామూలుగా అయితే అక్కడితో ఫైల్ క్లోజ్. కానీ సాండోజ్‌లో ప్రతి పదార్థాన్నీ రకరకాల టెస్టుల మీద నడిపించే పద్ధతి ఉండేది. 1972 జనవరిలో ఎలుకల మీద చేసిన టెస్టులో తేలింది, ఇది కణాల్ని చంపకుండానే ఇమ్యూనిటీని తగ్గిస్తోందని. అదే సైక్లోస్పోరిన్. దీని క్రెడిట్ జాన్ ఫ్రాన్స్వా బొరెల్‌దా, ఆయన పై అధికారి హార్ట్‌మన్ స్టాహెలిన్‌దా అన్న గొడవ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఆ గొడవ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

దీంతో వచ్చిన తలనొప్పి ఏంటంటే, నీళ్ళలో కరగదు. మింగినా రక్తంలోకి చేరదు. కేంబ్రిడ్జ్‌లో సర్జన్ రాయ్ కాల్న్ దగ్గర పనిచేస్తున్న ఆల్కిస్ కొస్తాకిస్ అనే గ్రీకు డాక్టర్ ఎలుకల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఇంగ్లండ్ తిండి తిని కొడుకు చిక్కిపోతాడని వాళ్ళమ్మ గ్రీస్ నుంచి ఆలివ్ నూనె పంపిందట. ఆ నూనెలో కరిగించి ఇస్తే మందు పనిచేసింది. ఆ ల్యాబ్ వాళ్ళు చెప్పుకునే కథ ఇది. మనవాళ్ళు అమెరికా వెళ్ళే పిల్లలకి ఆవకాయ కట్టి పంపడం చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇందులో ఆశ్చర్యమేమీ అనిపించలేదు.

1978లో కాల్న్ దీన్ని మనుషులకి ఇచ్చాడు. అమెరికాలో థామస్ స్టార్జల్ దీనికి స్టెరాయిడ్ కలిపి డోసు కుదిర్చాడు. చనిపోయినవాళ్ళ నుంచి తీసిన కిడ్నీ ఏడాది తర్వాత కూడా పనిచేసే అవకాశం అంతకుముందు సుమారు సగం ఉండేది, సైక్లోస్పోరిన్‌తో అది 80 శాతం దరిదాపులకి వెళ్ళింది. లివర్, గుండె మార్పిడులు మళ్ళీ లేచి నిలబడ్డాయి. 1983 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది.

అదే 1983. అదే బాసెల్. మందు పుట్టిన ఊళ్ళోనే, అక్కడి దంతవైద్యులు, కిడ్నీ వైద్యులు కలిసి ఒక జర్నల్‌లో పేపర్ వేశారు: సైక్లోస్పోరిన్ వాడేవాళ్ళలో కొందరికి చిగుళ్ళు పెరుగుతున్నాయి అని. కెనడా నుంచి కూడా ఆ ఏడాదే ఇలాంటి రిపోర్టు వచ్చింది. మందు మార్కెట్‌లోకి వచ్చిన ఏడాదే దాని గురించి మొదటి పంటి కంప్లైంట్ కూడా రాసిపెట్టేశారన్నమాట.

పెరగడం అంటే వాపు కాదు, నిజంగానే కండ పెరుగుతుంది. ముందు పళ్ళ మధ్య ఉండే ముక్కోణపు చిగురు మొదట ఉబ్బుతుంది, సాధారణంగా మందు మొదలైన కొన్ని నెలల్లో. మెల్లగా పన్ను మీదికి పాకుతుంది. కొందరికి సగం పన్ను మునిగిపోతుంది. తోముకోవడం కుదరదు, కుదరకపోతే పాచి పేరుకుంటుంది, పాచి వల్ల ఇంకా పెరుగుతుంది. పెద్దవాళ్ళలో దాదాపు 25 నుంచి 30 శాతం మందికి ఇది చికిత్స అవసరమయ్యేంతగా వస్తుందని తర్వాతి లెక్కలు. పిల్లల్లో, టీనేజ్‌లో ఇంకా ఎక్కువ.

నిజానికి డాక్టర్లకి ఈ దృశ్యం కొత్త కాదు. 1938లో ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వచ్చింది. మన మెడికల్ షాపుల్లో ఎప్టాయిన్ అంటే తెలియనివాళ్ళుండరు. మరుసటి ఏడాదే, 1939లో, కింబాల్ అనే డాక్టర్ ఆ మందు వాడేవాళ్ళలో సగానికి పైగా మందికి చిగుళ్ళు పెరిగాయని రాశాడు. 1984లో మూడోది దొరికింది: బీపీకి, గుండెనొప్పికి వాడే నిఫెడిపిన్. ఇప్పుడు చూడండి తమాషా. సైక్లోస్పోరిన్ బీపీని పెంచుతుంది. పెరిగిన బీపీకి ఆ రోజుల్లో రాసేది ఎక్కువగా నిఫెడిపిన్. రెండూ చిగుళ్ళని పెంచేవే. ఒక మందు తెచ్చిన సమస్యకి ఇచ్చిన రెండో మందు, మొదటి మందు తెచ్చిన మూడో సమస్యని డబుల్ చేసింది. కోడ్‌లో ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో మాడ్యూల్ పగలడం మాకు రోజూ ఉండేదే, కానీ అక్కడ ఎవరి నోరూ నొప్పి పుట్టదు.

ఈ మూడు మందులకీ ఒకదానితో ఒకదానికి పోలిక లేదు. ఒకటి మెదడుకి, ఒకటి రక్తనాళాలకి, ఒకటి ఇమ్యూనిటీకి. మరి చిగురులోనే ఎందుకు కలుస్తాయి? చిగుళ్ళలో ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలుంటాయి. కొల్లాజెన్ అనే తాడు పేనేదీ అవే, పాతబడ్డ తాడుని మింగి తీసేసేదీ అవే. చిగురులో ఈ పేనడం, తీసేయడం మిగతా ఒళ్ళు కంటే చాలా వేగంగా నడుస్తుంది. ఈ మందులు ఎక్కువగా దెబ్బకొట్టేది తీసేసే పనిని. చెత్తబండి రాని వీధి ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా పాచి వల్ల వచ్చే వాపు "ఇంకా పేనండి" అని సిగ్నల్ ఇస్తూనే ఉంటుంది. అందుకే పళ్ళు లేని చోట ఈ పెరుగుదల మామూలుగా కనిపించదు. అందుకే శుభ్రంగా తోముకునేవాళ్ళకి తక్కువ. పూర్తిగా రాదని కాదు, తక్కువ.

ఇంతవరకూ చరిత్ర. కానీ దీన్ని "ఓ చిన్న సైడ్ ఎఫెక్ట్" అని ఒక లైన్‌లో వదిలేయడం నాకు నచ్చదు, ఎందుకో చెప్తా. నా హాస్టల్ రూమ్మేట్ వాళ్ళ అక్కకి వాళ్ళమ్మ కిడ్నీ ఇచ్చింది. నేను చూసేసరికి అక్క చక్కగా తిరుగుతోంది, ఉద్యోగం చేస్తోంది. నవ్వేటప్పుడు మాత్రం చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. అలవాటనుకున్నా. అది అలవాటు కాదని, ఆమె వేసుకునే మాత్ర పేరు సైక్లోస్పోరిన్ అని తర్వాత వాడు చెప్పాడు. పళ్ళ డాక్టర్‌కి చూపిస్తే, "ముందు మీ కిడ్నీ డాక్టర్‌ని అడిగి రామ్మా" అన్నారట. కిడ్నీ డాక్టర్ రిపోర్టులు చూసి, "క్రియాటినిన్ బ్రహ్మాండంగా ఉంది, పళ్ళదేముంది, డెంటిస్ట్‌కి చూపించుకో" అన్నారట. రెండేళ్ళు ఆ రెండు బిల్డింగుల మధ్యే తిరిగింది. పెళ్ళిచూపుల ఫోటోకి పెదాలు మూసుకుని నవ్వమన్నారు ఇంట్లోవాళ్ళు.

ఇది ఒక్క అక్క కథ అయితే ఇక్కడ చెప్పేవాణ్ణి కాదు. సైక్లోస్పోరిన్ ముఖం మీద, ఒంటి మీద వెంట్రుకలు కూడా పెంచుతుంది. పద్నాలుగేళ్ళ అమ్మాయికి చిగుళ్ళు పెరిగి, మీసం కూడా వస్తే ఏం చేస్తుంది? కొందరు ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశారు. టీనేజ్ పేషెంట్లు అవయవం పోగొట్టుకోవడానికి మందు సరిగ్గా వేసుకోకపోవడం ఒక పెద్ద కారణం, అందులో ఇలా అద్దం ముందు పడే బాధకీ వాటా ఉందని ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లే రాశారు. అమ్మ ఇచ్చిన కిడ్నీ చిగురు దగ్గర పోవడమంటే ఇదే. "పళ్ళదేముంది" అనే మాట అంత తేలికైంది కాదు.

మరి చికిత్స? మొదట్లో ఉన్నది కోత ఒక్కటే. పెరిగిన చిగురుని కోసేస్తారు, మందు కొనసాగుతుంది కాబట్టి మళ్ళీ పెరిగే అవకాశం ఎక్కువ. 1995లో ఒక వింత విషయం బయటికొచ్చింది. న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో డాక్టర్లు ఉత్తరం రాశారు, అజిత్రోమైసిన్ ఇచ్చిన సైక్లోస్పోరిన్ పేషెంట్లలో చిగుళ్ళు తగ్గాయని. అవును, కోవిడ్ టైమ్‌లో ఊరందరూ మింగిన ఆ మాత్రే. తర్వాత వేరే దేశాల్లోనూ చూసి కొంతవరకు నిజమేనన్నారు. కానీ మీరే కొనుక్కుని వేసుకునే విషయం కాదు ఇది. దాని చుట్టమైన ఎరిత్రోమైసిన్ రక్తంలో సైక్లోస్పోరిన్‌ని ప్రమాదకరంగా పెంచేస్తుంది. అలాగే పంటినొప్పి అని షాపులో అడిగితే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మార్చిన కిడ్నీకే ఎసరు పెట్టొచ్చు.

అసలు మలుపు మళ్ళీ మట్టిలోంచే వచ్చింది. 1984లో జపాన్‌లో సుకుబా దగ్గరి మట్టిలో ఫుజిసావా కంపెనీ వాళ్ళకి ఒక బ్యాక్టీరియా దొరికింది. దాని నుంచి వచ్చింది టాక్రోలిమస్. 1989లో పిట్స్‌బర్గ్‌లో స్టార్జల్ వాడాడు, 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది. విచిత్రం ఏంటంటే కణం లోపల రెండు మందులూ చివరికి పట్టుకునేది ఒకే ఎంజైమ్‌ని, కాల్సిన్యూరిన్‌ని. అయినా టాక్రోలిమస్‌తో చిగుళ్ళు పెరగడం చాలా అరుదు. సైక్లోస్పోరిన్ నుంచి దీనికి మార్చిన చాలామందికి పెరిగిన చిగుళ్ళు నెలల్లో వెనక్కి వెళ్ళాయి.

కానీ ప్రపంచం టాక్రోలిమస్ వైపు తిరిగింది చిగుళ్ళ కోసమని అనుకుంటే పొరపాటు. 2007లో 1,645 మంది కిడ్నీ పేషెంట్లతో సింఫనీ అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి. తక్కువ డోసు టాక్రోలిమస్ వాడినవాళ్ళ కిడ్నీలు మిగతావాళ్ళకంటే బాగా పనిచేశాయి. దాంతో చాలాచోట్ల అదే మొదటి మందు అయింది. చిగుళ్ళ బాధ తగ్గడం దానితోపాటు ఊరికే వచ్చింది. షుగర్ వచ్చే అవకాశం మాత్రం దీనితో ఎక్కువ, ఏదీ ఫ్రీ కాదు.

సైక్లోస్పోరిన్ పాతబడి మూలన పడలేదండోయ్. పిల్లల్లో వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి, ఎముక మజ్జ పనిచేయని అప్లాస్టిక్ అనీమియాకి, ముదిరిన సోరియాసిస్‌కి ఇప్పటికీ ఇస్తారు. నిఫెడిపిన్ చుట్టమైన ఆమ్లోడిపిన్ మన ఇళ్ళల్లో ఎంతమంది వేసుకుంటున్నారో చెప్పక్కర్లేదు. దానితోనూ కొద్దిమందికి చిగుళ్ళు పెరుగుతాయి. నాన్నగారి చిగుళ్ళు ఉబ్బినట్టుంటే "వయసు" అని సరిపెట్టకుండా, ఆ మాత్రల షీట్ ఫోటో తీసి డెంటిస్ట్‌కి చూపించండి. మాత్ర మార్చాలా వద్దా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ళయితే రెండు వైపులా డాక్టర్ల నంబర్లు ఇప్పించి, ఒకరితో ఒకరిని మాట్లాడించండి. ఆపరేషన్‌కి ముందే ఒకసారి నోరు మొత్తం చూపించి, గార తీయించి, పిప్పిపళ్ళ సంగతి తేల్చుకుంటే తర్వాత చాలా గొడవ తగ్గుతుంది.

రూమ్మేట్ వాళ్ళ అక్కకి తర్వాత మందు మార్చారు, ఇప్పుడు టాక్రోలిమస్ మీద ఉంది. చిగుళ్ళు చాలావరకు తగ్గాయి, మిగిలినది కాస్త కోసి సరిచేశారు. చున్నీ అడ్డం పెట్టుకునే అలవాటు మాత్రం ఇంకా పోలేదని వాడు అన్నాడు.

ఇదే కుటుంబంలో ఇంకో మందుంది, సిరోలిమస్. అది పెద్ద పెద్ద రాతి విగ్రహాలుండే ఈస్టర్ ఐలాండ్ మట్టిలో దొరికింది. కంపెనీ వద్దని పక్కన పెట్టేస్తే సురేన్ సెహగల్ అనే మన భారతీయ సైంటిస్ట్ దాని శాంపిల్స్‌ని తన ఇంటి ఫ్రీజర్‌లో దాచాడు. అది చిగుళ్ళని పెంచదు, నోట్లో పుండ్లు తెస్తుంది. ఆ ఫ్రీజర్ కథ వచ్చే ఎపిసోడ్‌లో.